మూడా, నాలుగున్నరా? ఓరియన్ మేఘంలో ఆక్సిజన్ లెక్క

ఓరియన్ నెబ్యులా అనే వాయు మేఘంలో ప్రతి పది వేల హైడ్రోజన్ పరమాణువులకు ఆక్సిజన్ పరమాణువులు ఎన్ని? ఖగోళ శాస్త్రవేత్తల దగ్గర ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. ఒక పద్ధతిలో లెక్కిస్తే మూడుకు కాస్త పైన వస్తుంది. ఇంకో పద్ధతిలో నాలుగున్నర వస్తుంది. చూసింది ఒకే మేఘాన్ని, ఒకే టెలిస్కోపుతో. చేసినవాళ్లు కూడా ఒకే బృందం. కొలతలో పొరపాటు లేదు. అయినా రెండు అంకెలూ కలవవు. ఎనభై ఏళ్ల కిందటి నుంచి నెబ్యులాల రసాయనాన్ని కొలుస్తూనే ఉన్నాం. అందులో యాభై ఏళ్లకు పైగా ఈ తేడా మీద వాదన నడుస్తూనే ఉంది.

అసలు అక్కడిదాకా ఎవరూ వెళ్లకుండా, చిటికెడు వాయువు కూడా తేకుండా, పదివేలకు ఇన్ని అని ఎలా చెబుతున్నారో ముందు చూడాలి. అప్పుడు గాని తగాదా ఎక్కడుందో తెలియదు.

ఆ మేఘం మనకు కొత్తదేమీ కాదు. శీతాకాలం రాత్రుల్లో వరసగా కనిపించే మూడు నక్షత్రాలు ఓరియన్ అనే వేటగాడి నడికట్టు. ఆ పక్కనే, ఎర్రగా మెరిసే ఆర్ద్రకు ఎదురు దిక్కున, కత్తిలా వేలాడే చిన్న వరస ఉంటుంది. ఆ వరస మధ్యలో ఉన్న చుక్క కొంచెం మసకగా ఉంటుంది. మామూలు బైనాక్యులర్స్ పెట్టినా అది నక్షత్రం కాదని తెలిసిపోతుంది. దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. దాని నడుమ ఈమధ్యే, అంటే ఖగోళ లెక్కలో ఈమధ్యే, పుట్టిన నక్షత్రాల గుంపు ఉంది. వాటిలో పెద్దది థీటా-1 ఓరియనిస్ సి. దాని ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 39,000 కెల్విన్. మన సూర్యుడిది 5,800 కూడా ఉండదు.

అంత వేడి నక్షత్రం వెలుగులో ఎక్కువ భాగం అతినీలలోహితమే. హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్ట్లు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) చాలు. ఈ నక్షత్రం ఆ పనిని చుట్టూ కాంతి సంవత్సరాల మేర ఎడతెగకుండా చేస్తూనే ఉంటుంది. ఊడిపోయిన ఎలక్ట్రాన్ కొంతకాలం ఒంటరిగా తిరిగి, ఎప్పుడో ఒక ప్రోటాన్ చేతికి చిక్కుతుంది. చిక్కాక ఒక్కో శక్తి మెట్టూ దిగుతుంది. దిగే ప్రతి మెట్టుకూ ఒక నిర్దిష్టమైన రంగులో కాంతి బయటికి వస్తుంది. 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎరుపు, అది హెచ్‌-ఆల్ఫా. 486.1 దగ్గర నీలం-ఆకుపచ్చ, అది హెచ్‌-బీటా. వెలుగును రంగులుగా విడదీస్తే ఇవి సన్నని గీతల్లా కనిపిస్తాయి, అందుకే వీటిని రేఖలంటారు. ఫొటోల్లో ఓరియన్ నెబ్యులా గులాబీ ఎరుపులో కనిపించడానికి కారణం మొదటిది.

హైడ్రోజన్ వరకు లెక్క సాఫీగా ఉంటుంది. ఎన్ని ఎలక్ట్రాన్లు తిరిగి పట్టుబడుతున్నాయో అంత వెలుగు వస్తుంది. ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా తేడా రాదు. పైగా హెచ్‌-ఆల్ఫా హెచ్‌-బీటాకు దాదాపు 2.86 రెట్లు ఉండాలని పరమాణు భౌతికశాస్త్రమే చెబుతుంది. ఆకాశంలో అంతకన్నా ఎక్కువ కనిపిస్తే దారిలోని ధూళి నీలాన్ని మింగేసిందని అర్థం. సాయంత్రం సూర్యుడు ఎర్రబడినట్టే. ఎంత మింగిందో ఆ నిష్పత్తి నుంచే లెక్కగట్టి, మిగతా రేఖలన్నింటినీ సరిదిద్దుతారు. నిజానికి ఎవరైనా చేసే మొదటి పని ఇదే. ఇది సరిగా చేయకపోతే ఊదారంగు వైపున్న రేఖలన్నీ తప్పుగా వస్తాయి.

చిక్కంతా ఆక్సిజన్‌తోనే.

ఆకుపచ్చ రేఖ కథ

1864 ఆగస్టు 29న ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ తన టెలిస్కోపుకు, వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటమాపకం తగిలించి డ్రాకో రాశిలోని ఒక నెబ్యులా వైపు తిప్పాడు. నక్షత్రాల్లో లాగా ఇంద్రధనుస్సు పట్టీ కనిపిస్తుందనుకున్నాడు. కనిపించింది ఒంటి ఆకుపచ్చ గీత. కాస్త జాగ్రత్తగా చూస్తే దాని పక్కన మరి రెండు. అంటే అది నక్షత్రాల గుంపు కాదు, వెలిగే వాయువు. తర్వాత ఓరియన్‌లోనూ అదే గీత కనిపించింది. భూమ్మీద తెలిసిన ఏ మూలకమూ సరిగ్గా ఆ రంగు ఇవ్వదు. కాబట్టి ఇది కొత్త మూలకమే అయి ఉంటుందని, దానికి నెబ్యులియం అని పేరు కూడా పెట్టేశారు.

అలా అనుకోవడం అప్పట్లో తెలివితక్కువ పనేమీ కాదు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో ప్రకాశవంతమైన రేఖలు చూశాడు. ఆ జ్వాలల్లోని పసుపు రేఖ తెలిసిన మూలకాలది కాదని ఇంగ్లండులో లాక్యర్ తేల్చాడు. దాని పేరు హీలియం. 1895లో రామ్సే దాన్ని భూమ్మీదే, ఒక యురేనియం ఖనిజంలో పట్టుకున్నాడు. సూర్యుడిలో కనబడిన మూలకం చేతికి చిక్కినప్పుడు నెబ్యులాలో కనబడినది మాత్రం ఎందుకు చిక్కదు?

చిక్కలేదు. ఆవర్తన పట్టికలో ఖాళీలు ఒక్కొక్కటిగా నిండిపోయాయి, నెబ్యులియంకు చోటు మిగల్లేదు. చివరికి 1927లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఐరా బోవెన్ గుట్టు విప్పాడు. అది కొత్త మూలకం కాదు, మనం పీల్చే ఆక్సిజనే. కాకపోతే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్. ఆకుపచ్చ జంట, 500.7, 495.9 నానోమీటర్లు, రెండూ దానివే.

మరి ప్రయోగశాలలో ఎందుకు కనిపించలేదు? మామూలుగా పై మెట్టుకు ఎక్కిన ఎలక్ట్రాన్ సెకనులో పది కోట్ల వంతులోనే కిందికి దూకేస్తుంది. ఈ మెట్టు మీదకు ఎక్కినది మాత్రం సగటున అర నిమిషానికి పైగా అక్కడే కూర్చుంటుంది. క్వాంటం నియమాలు ఆ దూకుడును దాదాపు నిషేధించాయి. అందుకే వీటికి నిషిద్ధ రేఖలని పేరు. అర నిమిషం పాటు ఎవరూ తగలకుండా ఉండాలంటే ఎంత ఖాళీ కావాలి? మన గదిలోని గాలిలో ఘన సెంటీమీటరుకు సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. అక్కడ ఈ అయాను, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువు, ఆ మెట్టు మీద క్షణం కూడా నిలవదు, వెలుగివ్వకముందే ఎవరో ఒకరు గుద్ది దించేస్తారు. ఓరియన్ నెబ్యులా నడుమ, బాగా చిక్కగా ఉన్నచోట, ఘన సెంటీమీటరుకు కొన్ని వేల కణాలే. మనం మేఘం అంటున్నది అప్పటి ప్రయోగశాలలు సాధించిన శూన్యం కంటే ఎన్నో రెట్లు శూన్యం.

ఒక చిన్న పిట్టకథ. టెలిస్కోపులోంచి కంటితో నేరుగా ఓరియన్‌ను చూసినవాళ్లు ఫొటోల్లోని ఎరుపు కనిపించక నిరాశపడుతుంటారు. బూడిదరంగు మీద లేత ఆకుపచ్చ నీడ మాత్రమే కనిపిస్తుంది. చీకటికి అలవాటుపడిన మన కన్ను ఎక్కువగా పసిగట్టేది 500 నానోమీటర్ల దగ్గరి వెలుగునే. రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్ సరిగ్గా అక్కడే వెలుగుతోంది. మీరు చూస్తున్న ఆ లేత పచ్చదనం హగ్గిన్స్‌ను తికమకపెట్టిన రేఖే.

వెలుగు ఎక్కువైతే సరుకు ఎక్కువ కాదు

ఓరియన్‌లో 500.7 రేఖ హెచ్‌-బీటాకు దాదాపు నాలుగింతలు ప్రకాశవంతం. అంటే హైడ్రోజన్ కన్నా ఆక్సిజన్ ఎక్కువుందా? ఆక్సిజన్ ఉన్నది పదివేలకు మూడో నాలుగో. ఈ ఒక్క పోలికతోనే రేఖ వెలుగును నేరుగా సరుకు లెక్కగా చదవకూడదని తెలిసిపోతుంది.

హైడ్రోజన్ వెలిగేది ఎలక్ట్రాన్‌ను పట్టుకుని. ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలిగేది ఎలక్ట్రాన్ వచ్చి గుద్దితే. పై మెట్టు ఎత్తు 2.5 ఎలక్ట్రాన్ వోల్ట్లు. పది వేల డిగ్రీల వాయువులో సగటు ఎలక్ట్రాన్ దగ్గర అందులో సగం శక్తి ఉంటుంది. కాబట్టి సగటు కంటే జోరుగా పరిగెత్తే కొన్ని ఎలక్ట్రాన్లు మాత్రమే ఆక్సిజన్‌ను ఆ మెట్టు మీదకు ఎక్కించగలవు. వాయువు కొంచెం వేడెక్కితే అలాంటి జోరు ఎలక్ట్రాన్లు విపరీతంగా పెరుగుతాయి. 8,000 నుంచి 10,000 కెల్విన్‌కు వెళ్తే చాలు, అదే ఆక్సిజన్, హెచ్‌-బీటాతో పోలిస్తే రెండింతలకు పైగా వెలుగుతుంది. మరోలా చెప్పాలంటే, ఉష్ణోగ్రతను రెండు వేల డిగ్రీలు తప్పుగా అనుకుంటే ఆక్సిజన్ లెక్క సగానికి సగం తప్పిపోతుంది. ఈ రంగంలో ఆక్సిజన్‌ను కొలవడమంటే, నన్నడిగితే, ముప్పాతిక వంతు ఉష్ణోగ్రతను కొలవడమే.

డిగ్రీలో భౌతికశాస్త్రం చదివినవారికి ఇక్కడ మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణం గుర్తుకు రావచ్చు. ఉష్ణోగ్రత చెబితే వాయువులో ఎంత శాతం అయనీకరణం చెందిందో, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో చెప్పేస్తుంది కదా అని. నక్షత్రాల పొరల్లో అది చక్కగా పనిచేస్తుంది. ఇక్కడ పనికిరాదు. ఎలక్ట్రాన్లను ఊడగొడుతున్నది ఈ వాయువు వేడి కాదు, దూరాన ఉన్న నక్షత్రం వెలుగు. సాహా అడిగే సమతౌల్యం ఇక్కడ లేదు.

మరి థర్మామీటరు ఎక్కడ దొరుకుతుంది? అదే ఆక్సిజన్ అయానులో. దానికి 2.5 మెట్టు పైన, 5.35 ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర మరో మెట్టు ఉంది. అక్కడికి ఎక్కించాలంటే మరీ జోరైన ఎలక్ట్రాన్లు కావాలి. అక్కడి నుంచి మొదటి మెట్టుకు దిగేటప్పుడు 436.3 నానోమీటర్ల దగ్గర సన్నని నీలిరేఖ వస్తుంది. ఆకుపచ్చ జంట మొత్తం వెలుగును ఈ నీలిరేఖ వెలుగుతో భాగిస్తే ఉష్ణోగ్రత బయటపడుతుంది. 12,000 కెల్విన్ దగ్గర ఆ నిష్పత్తి దాదాపు 120. 10,000 దగ్గర 210. 8,000 దగ్గర 480. ఓరియన్‌లో ఇది 400 దగ్గర ఉంటుంది, కాబట్టి ఉష్ణోగ్రత 8,400 కాస్త అటూ ఇటూ. రెండు రేఖలూ ఒకే అయానువి కాబట్టి ఆ అయాను ఎంత ఉందన్న ప్రశ్న భాగహారంలో కొట్టుకుపోతుంది. ఈ ఉపాయాన్ని 1941లో మెంజెల్, ఆలర్, హెబ్ అనే ముగ్గురు లెక్కలతో సహా చెప్పారు. నాకు ఈ రంగంలో అన్నింటికన్నా అందంగా అనిపించే పని ఇదే.

అందంగా ఉంది గాని పట్టుకోవడం కష్టం. హెచ్‌-బీటాను వంద అనుకుంటే ఓరియన్‌లో 436.3 ఒకటికి కాస్త ఎక్కువ, అంతే. పక్కనే 434.0 దగ్గర హైడ్రోజన్ రేఖ ఒకటి దాన్ని ఆనుకుని దబాయిస్తుంటుంది. అది చాలక ఇటు 435.8 దగ్గర పాదరసపు రేఖ. పాదరసం ఆకాశంలో ఎక్కడుందనుకుంటున్నారా? ఊళ్లోని పాత వీధిదీపాల్లో, ట్యూబ్‌లైట్లలో. చేతిలో ఒక సీడీ ఉంటే తిప్పి ట్యూబ్‌లైటు ప్రతిబింబం చూడండి, విడివిడిగా కనిపించే రంగు గీతల్లో ఆ నీలిగీత ఉంటుంది. అది మబ్బుల మీద, ధూళి మీద పడి చెదిరి టెలిస్కోపులోకి చేరుతుంది. నెబ్యులా ఉష్ణోగ్రత అనుకుని ఊరి దీపాలను కొలిచే ప్రమాదం నిజంగానే ఉంది. వర్ణపటంలో ఆకాశపు వెలుగును తీసేసేటప్పుడు ఈ చోట రెండుసార్లు చూసుకోవాలి.

సాంద్రత సంగతి ఇంత గందరగోళం కాదు. ఒక ఎలక్ట్రాన్ పోయిన గంధకం 671.6, 673.1 నానోమీటర్ల దగ్గర జంట రేఖలిస్తుంది. రెండు మెట్లూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి ఉష్ణోగ్రతకు పనిలేదు. వాయువు పల్చగా ఉంటే మొదటిది రెండోదానికి 1.45 రెట్లు, బాగా చిక్కగా ఉంటే 0.44కు పడిపోతుంది. నిష్పత్తి చూసి సాంద్రత చదువుకోవచ్చు.

కనిపించనివాటి లెక్క

ఇంతవరకు లెక్కించింది రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్‌ను మాత్రమే. నక్షత్రానికి దూరంగా ఉన్న పొరల్లో ఆక్సిజన్‌కు ఒక్క ఎలక్ట్రానే పోయి ఉంటుంది. అది 372.7 దగ్గర, కంటికి దాదాపు అందని ఊదారంగులో వెలుగుతుంది. దాన్ని విడిగా, ఆ పొర ఉష్ణోగ్రతతో లెక్కగట్టాలి. ఓరియన్‌లో ఆ పొర ఉష్ణోగ్రతను నైట్రోజన్ రేఖలు 10,000 దగ్గర చూపుతాయి. రెండూ కలిపితే ఆక్సిజన్ మొత్తం వచ్చేసినట్టే. మూడో ఎలక్ట్రాన్ ఊడాలంటే 54.9 ఎలక్ట్రాన్ వోల్ట్లు కావాలి, థీటా-1 సికి అంత శక్తి లేదు. ఒక్కటీ పోని ఆక్సిజన్ కూడా లోపల మిగలదు. ఎందుకంటే ఆక్సిజన్ మొదటి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి హైడ్రోజన్‌తో దాదాపు సమానం. రెండూ ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకుంటూ ఎప్పుడూ ఒకే స్థితిలో ఉంటాయి. నెబ్యులాల్లో అందరూ ఆక్సిజన్‌నే పట్టుకుని వేలాడటానికి కారణం ఇది. దాని వేషాలన్నీ కంటికి కనిపిస్తాయి.

మిగతా మూలకాలు ఇంత మంచివి కావు. కంటికి కనిపించే వెలుగులో నైట్రోజన్‌ది ఒక్క ఎలక్ట్రాన్ పోయిన రూపమే ప్రకాశవంతంగా దొరుకుతుంది. నియాన్‌ది రెండు పోయిన రూపమే దొరుకుతుంది. కనిపించని భాగాన్ని ఆక్సిజన్‌ను చూసి ఊహిస్తారు. ఆక్సిజన్‌లో సగం ఫలానా స్థితిలో ఉంటే నైట్రోజన్ కూడా అలాగే ఉంటుందిలే అని. దీన్ని అయనీకరణ సవరణ అంటారు. గౌరవంగా పేరు పెట్టారు గాని, ఇది అంచనాయే. మంచి అంచనా, నమూనాలతో సరిచూసిన అంచనా, అయినా అంచనాయే. ఇక ఇనుము సంగతి చెప్పనక్కరలేదు. దానిలో తొంభై శాతానికి పైగా ధూళి రేణువుల్లో గట్టిపడిపోయి ఉంటుంది. వాయువులో కనబడినదాన్ని చూసి మేఘంలో ఇనుము ఇంతే అంటే పప్పులోకాలేసినట్టే. ఆక్సిజన్‌లోనూ సుమారు అయిదో వంతు ధూళిలో ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

మరో విచిత్రం ఉంది. వాయువును చల్లబరిచేది ఈ రేఖలే. ఎలక్ట్రాన్ గుద్దుతుంది, ఆక్సిజన్ ఆ శక్తిని వెలుగుగా మార్చి బయటికి పంపేస్తుంది, వాయువు ఆ మేరకు చల్లబడుతుంది. కాబట్టి ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే మేఘం అంత చల్లన. చల్లబడేకొద్దీ 436.3 రేఖ కనుమరుగవుతుంది. సూర్యుడి పాటి ఆక్సిజన్ ఉన్న దూరపు గెలాక్సీలో థర్మామీటరే మాయమవుతుంది. అప్పుడేం చేయాలి? 1979లో బెర్నార్డ్ పేజెల్, సహచరులు ఒక దారి చూపారు. ఆక్సిజన్ పెద్ద రేఖలన్నీ కలిపి హెచ్‌-బీటాతో భాగించి, ఆ అంకె నుంచి ఆక్సిజన్ వాటాను చదవడం. కానీ ఆక్సిజన్ సున్నా నుంచి పెరిగేకొద్దీ ఈ అంకె మొదట పెరుగుతుంది, తర్వాత చల్లదనం ఆవరించి తగ్గుతుంది. ఒకే అంకెకు రెండు జవాబులు. పేద గెలాక్సీయా, సంపన్న గెలాక్సీయా తేల్చడానికి నైట్రోజన్‌ను సాక్ష్యానికి పిలవాలి. పైగా ఇలాంటి సూత్రాలు ఒకటి కాదు, పదికి పైగా ఉన్నాయి. ఒకే గెలాక్సీకి వేర్వేరు సూత్రాలు వాడితే ఆక్సిజన్ లెక్కలో అయిదింతల దాకా తేడా వస్తుంది. ఒకరి పట్టికలోని అంకెను ఇంకొకరి పట్టికలోని అంకెతో పోల్చే వ్యాసాలు చూసినప్పుడల్లా ఏ సూత్రం వాడారో ముందు వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది.

ఇక అసలు తగాదా

మొదట చెప్పిన మూడు అంకె 500.7, 436.3 రేఖల దారిలో వచ్చింది. నాలుగున్నర ఎక్కడిది?

ఆక్సిజన్ కూడా హైడ్రోజన్ లాగే ఎలక్ట్రాన్‌ను తిరిగి పట్టుకోగలదు. పట్టుకుని మెట్లు దిగుతూ 464.9 నానోమీటర్ల దగ్గర, ఆ చుట్టుపక్కల, కొన్ని రేఖలిస్తుంది. ఇవి మరీ మసక. హెచ్‌-బీటాను వెయ్యి అనుకుంటే ఒకటో రెండో. పెద్ద టెలిస్కోపు, మంచి వర్ణపటమాపకం ఉంటే గాని కనబడవు. కానీ వీటికి ఒక గొప్ప సుగుణం ఉంది. హైడ్రోజన్ రేఖలు, ఈ రేఖలు ఉష్ణోగ్రతకు ఒకేలా స్పందిస్తాయి. రెంటినీ భాగిస్తే ఉష్ణోగ్రత దాదాపుగా పక్కకు పోతుంది. థర్మామీటరుతో పనిలేని కొలత. అది చెప్పేది నాలుగున్నర. ఓరియన్ ఒక్కటే కాదు, ఇలా కొలిచిన నెబ్యులాలన్నింటిలో ఈ దారిలో వచ్చే అంకే పెద్దది. చాలా చోట్ల దాదాపు రెండింతలు.

1967లోనే మెక్సికో శాస్త్రవేత్త మాన్యుయెల్ పెయింబర్ట్ దీనికి వివరణగా పనికొచ్చే మాట చెప్పాడు. మేఘమంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందని ఎవరన్నారు? కొన్నిచోట్ల వేడిగా, కొన్నిచోట్ల చల్లగా ఉంటే థర్మామీటరు మోసం చేస్తుంది.

ఎలాగో చిన్న లెక్క వేసి చూద్దాం. మేఘంలో సగం 8,000, సగం 12,000 కెల్విన్ అనుకుందాం. నిజమైన సగటు 10,000. వేడి సగంలో ఆకుపచ్చ జంట చల్లటి సగం కంటే 2.7 రెట్లు ప్రకాశిస్తుంది. 436.3 రేఖ అయితే దాదాపు 11 రెట్లు ప్రకాశిస్తుంది. మనకు రెండు సగాల వెలుగూ కలిసిపోయి అందుతుంది. ఆ కలగలుపు నిష్పత్తి 153 దగ్గర వస్తుంది. దాన్ని ఉష్ణోగ్రతగా మారిస్తే 11,100. సగటు కంటే 1,100 డిగ్రీలు ఎక్కువ, ఎందుకంటే వేడి వాయువు గొంతు పెద్దది, చల్లటి వాయువు మాట వినబడలేదు. వేడెక్కువని పొరబడ్డాం కాబట్టి ఇంత వెలుగుకు ఇంత ఆక్సిజన్ అక్కరలేదులే అనుకుంటాం. లెక్క పూర్తిచేస్తే నిజంగా పది ఉన్నచోట ఏడే వస్తాయి. మూడుకు కాస్త పైన, నాలుగున్నర, వీటి నిష్పత్తి కూడా అటూ ఇటుగా ఇంతే. ఇది నిజమైన నెబ్యులా కాదు, నా కాగితం మీది నెబ్యులా. అయినా పొరపాటు ఎటు మొగ్గుతుందో, ఎందుకు ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుందో ఇందులో తెలుస్తుంది.

పెయింబర్ట్ వాదన అందరికీ నచ్చలేదు. నక్షత్రం వెలుగుతో వేడెక్కే మామూలు నమూనాల్లో అంత హెచ్చుతగ్గులు రావు. ఆ వేడి మచ్చలను పుట్టించేది ఏమిటి? ఇంకో వర్గం వేరే మాట చెప్పింది. మేఘంలో అక్కడక్కడ ఆక్సిజన్ దట్టంగా ఉన్న చల్లటి ముద్దలు ఉండవచ్చునని. చనిపోతున్న నక్షత్రాలు వదిలిన గ్రహ నెబ్యులాల్లో కొన్నింటి తేడా పది రెట్లు దాటుతుంది. అక్కడ అలాంటి ముద్దల వివరణే బాగా అతుకుతుంది. కానీ యువ నక్షత్రాల మేఘాల్లో ఆ ముద్దలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పడం కష్టం.

ఈ తగాదాలో నాకు బాగా బరువుగా అనిపించే సాక్ష్యం నెబ్యులా బయటి నుంచి వచ్చింది. ఓరియన్‌లో ఆ వాయువు నుంచే పుట్టిన యువ నక్షత్రాలున్నాయి. వాటి వర్ణపటం నుంచి ఆక్సిజన్‌ను పూర్తిగా వేరే భౌతికశాస్త్రంతో కొలవవచ్చు. వాటిలో బి తరగతి నక్షత్రాలు, అంటే నీలంగా మెరిసే వేడి నక్షత్రాలు, చెప్పేది పదివేలకు అయిదున్నర. ఇప్పుడు ధూళిలో దాగిన అయిదో వంతును గుర్తుచేసుకోండి. నాలుగున్నరకు దాన్ని కలిపితే అయిదున్నర దగ్గరికి వస్తుంది. మూడు చిల్లరకు కలిపితే నాలుగు. నిన్నమొన్న పుట్టిన పిల్లల్లో ఉన్న ఆక్సిజన్ తల్లి మేఘంలో లేకుండా పోదు కదా. సూర్యుడితో పోల్చి చూడవచ్చు కదా అంటారేమో. పోల్చవచ్చు, కానీ సూర్యుడి అంకే నిలకడగా లేదు. 1989 నాటి ప్రామాణిక పట్టికలో అది ఎనిమిదిన్నర, 2009 నాటి పట్టికలో దాదాపు అయిదు. మన సొంత నక్షత్రం సంగతే ఇలా ఉంది.

2023లో రెండు వ్యాసాలు కొద్ది రోజుల తేడాతో వచ్చాయి. నేచర్‌లో వచ్చినది పెయింబర్ట్ వైపు నిలిచింది. రచయితల్లో, 56 ఏళ్ల తర్వాత, ఆయన కూడా ఉన్నాడు. ఎన్నో నెబ్యులాల మసక రేఖలను సేకరించి, ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు నిజమేనని, అయితే అవి నక్షత్రానికి దగ్గరగా ఉన్న, ఎక్కువ అయనీకరణం చెందిన వాయువుకే పరిమితమని ఆ బృందం తేల్చింది. అలాగైతే 436.3 థర్మామీటరును పక్కనపెట్టి నైట్రోజన్ థర్మామీటరును నమ్మాలి. నేచర్ ఆస్ట్రానమీలో వచ్చిన రెండోది మార్కేరియన్ 71 అనే దూరపు నెబ్యులాను తీసుకుంది. అదే ఆక్సిజన్ అయాను పరారుణంలో 52, 88 మైక్రాన్ల దగ్గర వెలుగుతుంది. ఆ మెట్లు ఎంత పొట్టివంటే నెమ్మదైన ఎలక్ట్రాన్లు కూడా ఎక్కించగలవు, కాబట్టి ఉష్ణోగ్రతతో పెద్దగా పనిలేదు. వాతావరణం ఆ కిరణాలను అడ్డుకుంటుంది గనుక విమానంలో అమర్చిన సోఫియా టెలిస్కోపు, హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు కావలసి వచ్చాయి. పరారుణం చెప్పిన అంకె ఆకుపచ్చ రేఖలు చెప్పిన చిన్న అంకెతోనే ఏకీభవించింది. అంటే ఆ నెబ్యులాలో హెచ్చుతగ్గులు తేడాను వివరించలేవు. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. ఇద్దరి కొలతలూ జాగ్రత్తగా చేసినవే. నా మొగ్గు ఓరియన్ వరకు పెద్ద అంకె వైపే, ఆ బి నక్షత్రాల వల్ల. లోహాలు (ఖగోళ భాషలో హీలియం కన్నా బరువైన మూలకాలన్నీ) తక్కువున్న మార్కేరియన్ 71కు అదే న్యాయం వర్తిస్తుందని మాత్రం అనలేను.

ఇంత చిన్న తేడాకు ఇంత గొడవ ఎందుకంటే, మిగతా లెక్కలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. పాలపుంతలో కేంద్రం నుంచి బయటికి ప్రతి 3,300 కాంతి సంవత్సరాలకు ఆక్సిజన్ వాటా పది శాతం తగ్గుతూ పోతుందని తెలిసింది ఈ నెబ్యులాల నుంచే. 1971లో లియొనార్డ్ సెర్ల్ వేరే గెలాక్సీల్లో చూపిన తగ్గుదల లాంటిదే ఇది. ఏ తరం నక్షత్రాలు ఎంత ఆక్సిజన్ వండాయో, ఎంత బయటికి కొట్టుకుపోయిందో లెక్కించేవాళ్లకు మూడుకూ నాలుగున్నరకూ చాలా దూరం.

2022 జులైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పంపిన మొదటి వర్ణపటాల్లోనే ఒక చిన్న గెలాక్సీ ఉంది. దాని కాంతి సుమారు 1,310 కోట్ల సంవత్సరాల కిందట బయల్దేరింది. విశ్వం విస్తరించడంతో రేఖలన్నీ తొమ్మిదిన్నర రెట్లు సాగిపోయాయి. ఓరియన్‌లో నీలంగా ఉండే 436.3 రేఖ అక్కడ 4.1 మైక్రాన్ల పరారుణంలో, హైడ్రోజన్ రేఖ పక్కనే, చిన్న మొనలా నిలబడి ఉంది. అంత దూరంలో ఆ రేఖ దొరకడం అదే మొదటిసారి. వారాల వ్యవధిలోనే వేర్వేరు బృందాలు దాని ఆక్సిజన్‌ను లెక్కగట్టాయి. సూర్యుడిలో ఉన్నదానిలో కొద్ది శాతమే అని అందరూ ఒప్పుకున్నారు, ఎంత శాతమో దగ్గర మాత్రం అంకెలు విడిపోయాయి. 464.9 దగ్గరి మసక రేఖతో సరిచూద్దామంటే అంత దూరం నుంచి అది కనబడదు. అక్కడ ఉన్న థర్మామీటరు ఆ ఒక్క నీలిరేఖే.